‘ఎవతెరా అది?’

‘నేను వచ్చాను’ అని రాస్తే వచ్చింది ఆడో మగో తేలదు. ఊరందరికీ నేను మగపిల్లాణ్ణి. నాకు మాత్రం నేను ఆడపిల్లని. అందుకని పదహారేళ్ళప్పుడు నా సంగతులే నోటుబుక్కులో ‘ఆమె మిరపకాయలు ఏరింది, ఆమెకి చేతులు మండాయి’ అని రాసుకున్నాను. నాన్నకి చదవడం రావడం నా ఖర్మ. పుస్తకం ఆయన కంటబడింది. మిరపకాయల కల్లంలో, కూలీలందరి ముందూ చింతబరికె అందుకున్నాడు.

“ఎవతెరా అది? ఏ ఇంటి పిల్ల?” అంటూ వీపు చిట్లగొట్టాడు.

ఏ పిల్ల పేరు చెప్పను? “నేనే నాన్నా” అన్నాను.

బరికె ఆగిపోయింది. ఛీ, ఆ దెబ్బలే నయం. రోజుకి వందసార్లు ఒరేయ్ అని అరిచే మనిషి, చచ్చేదాకా మళ్ళీ నన్ను ఒరేయ్ అనలేదు. ఒసేయ్ అని కూడా అనలేదు.