పక్కనున్నవాళ్లు ఫోటోలో పడరు

వీధిలో అందరూ ఆయన్ని వంకర మాస్టారు అనేవారు. మనిషి వంకరేం కాదు, నిటారుగానే నడిచేవారు. వంకరంతా ఆయన తీసే ఫోటోల్లోనే. ముప్పయ్యేళ్ల పాటు స్టూడియోలో పాస్‌పోర్టు సైజు మొహాలు తీసి తీసి విసుగెత్తి, యాభై దాటాక ఎవరో వాడి వదిలేసిన ఫిష్ఐ జూమ్ లెన్సు ఒకటి తెచ్చుకున్నారు. దాని ముందు అద్దం నీటిబుడగలా ఉబ్బి ఉంటుంది. ఆ అద్దానికి గీత పడుతుందేమోనని ఆయన పడ్డ హైరానా పసిపిల్లల తల్లి కూడా పడి ఉండదు.

లెన్సు చేతికొచ్చాక మాస్టారికి పిచ్చి పట్టిందని ఇంట్లో ఇద్దరూ, అంటే ఆయనా ఆయన భార్యా, ఒప్పుకున్నారు. మెట్లు, బస్సు డిపో, నాలుగు వీధుల కూడలి, ఏది కనిపిస్తే దాన్ని వంచేశారు. నడిమధ్య గీత ఒక్కటీ తిన్నగా ఉంటుంది, మిగతా గోడలన్నీ విల్లులా వంగిపోతాయి. మొదటి నెల తీసిన ప్రతి ఫోటోలోనూ కింద ఆయన బూట్లు పడ్డాయి. "మిగతాదేమో గానీ బూట్లు మాత్రం బాగా వచ్చాయండీ. మన పెళ్లిలో ఈ లెన్సు లేకపోవడం నా అదృష్టం" అనేది భార్య.

ఆ లెన్సు సంగతి ఒకటి చెప్పుకోవాలి. జూమ్ రింగు ఒక చివరకి తిప్పితే నల్లని కాగితం మీద పళ్లెం పెట్టినట్టు గుండ్రటి ఫోటో వస్తుంది. ఎదురుగా ఉన్నవే కాదు, కుడి భుజం పక్కన ఉన్నవీ ఎడమ భుజం పక్కన ఉన్నవీ కూడా అందులోకి వచ్చేస్తాయి. రెండో చివరకి తిప్పితే ఫోటో నాలుగు మూలలా నిండుతుంది, పక్కవి తప్పుకుంటాయి. ఆ చివరకీ ఈ చివరకీ మధ్య ఉన్న దూరం బొటనవేలంత. మాస్టారు చేసిన తప్పు కూడా, చూసేవాళ్లకి, అంతే.

ఆయనకో వదిన ఉంది. అన్నయ్య పెళ్లినాటికి మాస్టారికి పదిహేనేళ్లు. అప్పటికే ఫోటోల పిచ్చి. స్నానాల గది కిటికీకి నల్లగుడ్డ కట్టి, ఫోటోలు కడిగే తొట్లు నేలంతా పరిచి, ఇంటిల్లిపాదికీ స్నానం లేకుండా చేస్తే తల్లీతండ్రీ తిట్టారు గానీ కొత్తకోడలు ఒక్క మాట అనలేదు. పైగా తలుపు బయట నిలబడి ఎవరూ తియ్యకుండా కాపలా కాసేది. అన్నయ్య పోయాక ఆవిడ రెండు వీధుల అవతల ఒంటిగా ఉంటోంది. పిల్లలు లేరు. పద్నాలుగేళ్లుగా పెద్ద లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని. ఆదివారం పూట మాస్టారు వెళ్లి కాసేపు కబుర్లు చెప్పి వచ్చేవారు. ఆవిడకున్న చుట్టపుచూపు అంతే.

లాండ్రీవాళ్లు ముందువైపు ఆఫీసు గోడకి పెద్ద ఫోటో పెట్టుకోవాలనుకున్నారు. వదిన మేనేజరు దగ్గరికి వెళ్లి, "మా మరిది తీస్తాడండీ. అందరూ తీసినట్టు తియ్యడు" అని చెప్పింది. అందులో గర్వం ఎంత ఉందో, బెదురు కూడా అంతే ఉంది.

మాస్టారు వెళ్లి చూసి అక్కడే మనసు పారేసుకున్నారు. వరసగా గుండ్రటి తలుపుల యంత్రాలు, పైన ఆవిరి, బండ్లలో గుట్టలుగా తెల్లదుప్పట్లు. హాలు మధ్య స్టూలు వేయించుకుని ఎక్కారు. ఎక్కి, ముప్పయ్యేళ్లుగా ప్రతి పెళ్లిలోనూ, ప్రతి బడిలోనూ నోటికి అలవాటైన మాటే అన్నారు. "ఎదురుగా ఉన్నవాళ్లు పని చేసుకుంటూ ఉండండి. నా పక్కనున్నవాళ్లు ఫోటోలో పడరు, కాసేపు కూర్చోండి."

మామూలు లెన్సుకైతే అది నిజమే. ఆ రోజు కెమెరాకి ఉన్నది మామూలు లెన్సు కాదన్న సంగతి ఆయన నోటికి తెలియదు.

మడతల బల్ల సరిగ్గా ఆయన కుడిపక్కన ఉంది. వదినకి మోకాలు ఆరు నెలలుగా బాగాలేదు. నిలబడలేనివాళ్లు మడతల బల్ల దగ్గర అక్కర్లేదని మేనేజరు ఖరాఖండిగా చెప్పాడు కాబట్టి, నయమైపోయిందని ఆవిడ అబద్ధం ఆడింది. మరిది మాట విని ఖాళీ బండి అంచు మీద కూలబడి, మోకాలి పట్టీ విప్పి రుద్దుకుంది. బల్ల అవతల పనిచేసే పొడుగావిడ ఎప్పటిలాగే ఆవిడ పని కూడా తనే అందుకుంది. ఇద్దరు పట్టాల్సిన దుప్పటిని గడ్డం కింద నొక్కి, రెండు చేతులూ బారజాపి ఒక్కతే పట్టుకుంది. మాస్టారు ముందు గుండ్రంగా ఒకటి, తర్వాత రింగు తిప్పి నిండుగా ఒకటి తీశారు.

సాయంత్రం కంప్యూటర్లో చూసుకుంటే గుండ్రటి ఫోటో ఆయన జీవితంలో తీసినవాటన్నింటికంటే బాగుంది. యంత్రాలు చుట్టూ వంగాయి. పొడుగావిడ చేతుల్లోని దుప్పటి కుడి అంచు వెంట తెల్లగా, పొడుగ్గా ఒంపు తిరిగింది. దాని కింద, బండి మీద, పట్టీ విప్పిన మోకాలితో వదిన.

రెండో ఫోటోలో వదిన లేదు. దుప్పటీ లేదు. తప్పు పట్టడానికేమీ లేని ఫోటో, అంతకుమించి ఏమీ లేని ఫోటో. గుండ్రటి ఫోటోలో ఆ అంచు కాస్త నల్లబరిచి చూశారు. వదినతో పాటు దుప్పటి కూడా పోయింది. మళ్లీ తెల్లబరిచారు. భార్య వెనక నుంచి వంగి, "ఇది అక్క కాదూ?" అంది.

"అంత చిన్నగా ఉంటే ఎవరు చూస్తారులే" అన్నారు మాస్టారు. నువ్వు చూశావు కదా అని ఆయనకే తోచాలి. తోచింది కూడా. తోచినా చెవిలో వేసుకోలేదు.

గుండ్రటి ఫోటోయే నాలుగడుగులదై ఆఫీసు గోడెక్కింది. అంత పెద్దది చేశాక వదిన జానెడు అయింది. మూడో రోజున మేనేజరు ఫోన్ చేశాడు. "అద్భుతంగా ఉంది మాస్టారూ. దాని ముందు నిలబడితే టైమే తెలియడం లేదు. ఒక్కొక్కళ్లనీ వెతికి పట్టుకుంటున్నాను." మాస్టారు థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశారు. అప్పుడైనా పరిగెత్తుకెళ్లి ఫోటో మార్చవచ్చు. మార్చలేదు.

రెండు వారాలకి వదినని ఇంటికి పంపించేశారు. ఎలా తెలిసిందన్నది మేనేజరు చెప్పలేదు. నాకన్నీ తెలుసమ్మా, ఇక విశ్రాంతి తీసుకోండి అన్నాడంతే. పనివాళ్లు ముందువైపు ఆఫీసులోకి వెళ్లరు, వాళ్లకి వెనక గేటే దారి. గోడ మీద ఏముందో ఆవిడకి తెలిసే వీల్లేదు.

"అదే చెప్పింది" అంది వదిన, ఆదివారం మాస్టారు వెళ్లేసరికి. "నా మోకాలి సంగతి ఆ పొడుగుదానికి తప్ప ఎవరికి తెలుసు? పద్నాలుగేళ్లు బల్లకి ఆ పక్కన అది, ఈ పక్కన నేను. నవ్వుతూ నవ్వుతూ గొంతు కోసింది."

నాకూ తెలుసు కదా వదినా అనాలి. ఇంతలో ఎవరో తలుపు తట్టారు. "అక్కా, ఒక్కసారి తలుపు తియ్యక్కా" అని పొడుగావిడ గొంతు. ఆవిడ రావడం అది రెండోసారట. వదిన పెదవి బిగించి, లేవద్దని మరిదికి చేత్తో సైగ చేసింది. ఆయన లేవలేదు. లేచి గడియ తీసి, నోరు విప్పితే ముగ్గురి మధ్యా సంగతి తేలిపోయేది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నారు. పొడుగావిడ కాసేపుండి వెళ్లిపోయింది. ఆ అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా మాస్టారు నేల చూపులు చూస్తూనే ఉన్నారు.

ఆ తర్వాత ఆయనకి లెన్సు ముట్టుకోవాలంటే అసహ్యం వేసింది. "నోరు తెరిచి చెప్పెయ్యండి. ఆవిడ మిమ్మల్ని కొడుతుందా?" అని భార్య పోరేది. కొడుతుందంటే ఎప్పుడో వెళ్లేవారు. ఆదివారం రాగానే, ఈ వారం కాదు, వచ్చే వారం అనుకునేవారు. సిగ్గులేని మనిషికి వాయిదాలు దొరక్కపోవు.

నాలుగో ఆదివారం వదిన మొహం తేటగా ఉంది. అదే భయపెట్టింది. "రేపు లాండ్రీకి వెళ్తున్నాను" అంది. "ఆ పొడుగుదాని అమ్మ మంచం పట్టింది. ఆవిడకి స్నానం చేయించి వచ్చేసరికి దీనికి రోజు మార్చి రోజు అరగంట ఆలస్యం. ఇన్నాళ్లూ దాని హాజరు కార్డు నేనే గీకి కప్పిపుచ్చాను. అదీ మేనేజరుకి చెప్పేస్తాను. చెప్పడం నాకు మాత్రం రాదా?"

మాస్టారికి ఇక గొంతులో దాచుకునే చోటు లేకపోయింది. సంచిలోంచి రెండు ఫోటోలు తీసి బల్ల మీద పెట్టారు. వారాల తరబడి మోసి మోసి వాటి అంచులు నలిగిపోయాయి.

"ఆవిడ చెప్పలేదు వదినా. నా ఫోటో చెప్పింది. నేనే."

వదిన కళ్లజోడు పెట్టుకుని గుండ్రటి ఫోటో చాలాసేపు చూసింది. వేలు అంచు వెంట జరిగి ఒకచోట ఆగింది.

"పక్కనున్నవాళ్లు పడరన్నావు."

"అలవాటుకొద్దీ అన్నాను వదినా. ఈ లెన్సుకి పడతారు."

"తీశాక చూసుకోలేదా?"

"చూశాను."

వదిన రెండో ఫోటో చేతిలోకి తీసుకుంది. "ఇందులో నేను లేను."

"లేవు."

"ఇదీ ఆ రోజు తీసిందేనా?"

"ఆ రోజుదే. దాని తర్వాత నిమిషంలో తీసింది."

ఆవిడ ఫోటోలు ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచులు సరిచేసి, అలవాటు చొప్పున అరచేత్తో ఒక్కసారి నొక్కింది. కళ్లజోడు తీసేసి, "పద" అంది. "దాన్ని నేను అనరాని మాటలన్నాను. నా మాట నేను వెనక్కి తీసుకోవాలి. నీ మాట నువ్వు చెప్పాలి."

పొడుగావిడ ఇల్లు పది నిమిషాల దూరం. ఆ మోకాలితో అరగంట పట్టింది. మాస్టారు రెండుసార్లు చెయ్యి అందించారు. వదిన గోడ పట్టుకుని నడిచింది.

తలుపు తీసిన పొడుగావిడ వదినని చూసి, వెనకున్న మాస్టారిని చూసి, పక్కకి తప్పుకుంది. లోపలి గదిలో తల్లి దగ్గు వినిపిస్తోంది. మాస్టారు గుమ్మంలోనే నిలబడి, దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా మర్చిపోయి, "ఆ ఫోటో..." అన్నారు.

"తెలుసండీ" అంది పొడుగావిడ.

వదిన తల తిప్పి చూసింది. "ఏం తెలుసు?"

"అక్కని పంపించేసిన మర్నాడు సంతకం పెట్టమని నన్ను ఆఫీసులోకి పిలిచారు. ఎదురుగానే ఉంది. దుప్పటి పట్టుకున్న నన్ను నేను చూసుకున్నాను, కింద అక్కని చూశాను."

"మరి నాకెందుకు చెప్పలేదే? నెల రోజులుగా నిన్ను తిట్టని తిట్టు లేదు."

"చెబుదామనే వచ్చానక్కా. మొదటిసారి తలుపు తియ్యలేదు. రెండోసారి వస్తే ఈయన చెప్పులు గుమ్మంలో ఉన్నాయి." పొడుగావిడ మాస్టారి వైపు చూడకుండానే మాట్లాడింది. "నాతో మాట్లాడకపోతే నీకు బల్ల అవతలి మనిషొకతే పోతుంది. ఈయన కూడా పోతే ఇంటికొచ్చి పలకరించేవాళ్లు ఇంకెవరున్నారు నీకు? సరే, నన్నే అనుకోనీలే అని వెళ్లిపోయాను."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. తలుపు ఇవతల తను నోరు మూసుకున్నది తన కోసం. తలుపు అవతల ఆవిడ నోరు మూసుకున్నది వదిన కోసం. నిజం చెప్పడానికి వచ్చానని దారిలో కొంచెం తేలికపడిన మనసు అక్కడే కుంగిపోయింది.

వదిన పొడుగావిడ చెయ్యి పట్టుకుని, అలాగే కుర్చీలో కూర్చుంది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. పొడుగావిడ గుమ్మం వైపు చూసి, "మీరూ కూర్చోండి మాస్టారూ" అంది. కూర్చునే మొహం ఆయనకి లేదు.

"నువ్వెళ్లు నాయనా" అంది వదిన. గొంతులో కోపం లేదు. "నేను కాసేపుండి వస్తాను. ఆదివారాలు ఇక రావద్దు. పిలవాలనిపించినప్పుడు నేనే పిలుస్తాను."

"అలాగే వదినా" అన్నారు మాస్టారు.