నీలం నీళ్ళ దాకా అప్పారావు గారి అస్థికలు

2022 వేసవి. కాకినాడ మెయిన్ రోడ్డు పక్క సందులో మా ట్రావెల్ ఆఫీసు. రెండు టేబుళ్ళు, ఒక ప్రింటరు, ఎండకి రంగు వెలిసిన ఊటీ బొమ్మ. పద్దెనిమిదేళ్ళుగా నా పని జనాన్ని కాశీకీ తిరుపతికీ పంపి, క్షేమంగా వెనక్కి తెప్పించడం. ఆ ఏడాది విశాఖ నుంచి చెన్నై వైపు క్రూయిజ్ ఓడ నడుస్తుందని తెలియగానే నాకూ మోజు పుట్టింది. కాకినాడ బీచిలో నిలబడి దూరంగా చూడటమే తప్ప అంతవరకు నేను ఓడ ఎక్కిన పాపాన పోలేదు. అయినా ఏదో పుట్టి పెరిగింది ఓడలోనే అన్నంత ధైర్యంగా పోస్టర్లు వేయించి ఆటో స్టాండ్లలో అంటించాను.

ఆ పోస్టరు చూసి మంగతాయారు గారు వచ్చారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, జగన్నాథపురంలో ఉంటారు. వెంట ఆవిడ మరిది వీర్రాజు గారు. ఈయన రావులపాలెం అరటి మార్కెట్లో గుమాస్తా. కూర్చోకుండానే ఆవిడ అడిగారు.

"ఈ ఓడ నీలం నీళ్ళ దాకా వెళ్తుందాండీ?"

స్విమ్మింగ్ పూల్ ఉంటుందా, మన భోజనం పెడతారా, గదిలోకి కారప్పొడి తీసుకెళ్ళనిస్తారా అని అడిగినవాళ్ళున్నారు గానీ నీళ్ళ రంగు అడిగినవాళ్ళు లేరు. వెళ్తుందనే అనుకుంటున్నానండి, ఎందుకు అన్నాను.

ఆవిడ భర్త అప్పారావు గారు కాకినాడ రేవులో బార్జి మీద టిండాల్, అంటే ఆ బార్జి నడిపే జట్టుకి పెద్ద. ఇక్కడ పెద్ద ఓడలు చాలావరకు ఒడ్డుకి రావు, లోపల లంగరు వేసుకుని ఉంటాయి. బియ్యం బస్తాలు బార్జిల మీద వాటి దాకా చేరవేయాలి. ముప్పై నాలుగేళ్ళు ఆయన అదే పని చేశారు. గోదావరి మట్టి కలిసి అక్కడి నీళ్ళు ఎప్పుడూ టీ రంగులోనే ఉంటాయి. ఓడలవాళ్ళు చెప్పే నీలం నీళ్ళు ఆయన చూసింది లేదు. రెండు నెలల క్రితం గుండెపోటుతో పోయారు. పోయేముందు ఆసుపత్రిలో భార్యతో అన్నారట, "నన్ను నీలం నీళ్ళలో నువ్వే వదులు" అని.

పిల్లలు లేరు. కొరివి పెట్టింది వీర్రాజు గారు. అస్థికల్లో చాలా భాగం ఆయనే రాజమండ్రి కోటిలింగాల రేవులో కలిపి, అన్నగారి మాట కోసం కొంచెం చిన్న కుండలో ఉంచారు. అస్థికలు ఇంట్లోకి తేకూడదు కాబట్టి ఆ కుండ శ్మశానం దగ్గర గదిలోనే ఉంది. వేట పడవలవాళ్ళని అడిగితే వీర్రాజు గారిని తీసుకెళ్తామన్నారు గానీ ఆవిడని మాత్రం ఎక్కించుకోం అన్నారు.

"ఆడమనిషి పడవెక్కకూడదంటండీ. మా ఆయన బార్జి మీద కూడా ఏనాడూ కాలు పెట్టలేదు నేను. క్యారేజీ ఒడ్డు మీద నుంచే అందించేదాన్ని," అన్నారావిడ. "ఈ ఒక్కటీ నా చేత్తో చెయ్యాలండి."

వీర్రాజు గారు గొంతు సవరించుకున్నారు. "శాస్త్రప్రకారం కర్తని నేనండి. ఈవిడ పక్కనుంటే చాలదా అంటాను. వినట్లేదండి."

నేను ఓడ కంపెనీకి మెయిల్ పెట్టాను. రాదనుకున్న జవాబు నాలుగో రోజే వచ్చింది. కుదురుతుంది, కానీ షరతులున్నాయి. మరణ ధ్రువపత్రం, దహనం చేసినట్టు రసీదు కావాలి. తీరానికి పన్నెండు నాటికల్ మైళ్ళు దాటాకే వదలాలి. నాటికల్ మైలంటే సముద్రం మీద కొలత, మన మైలు కన్నా కాస్త పెద్దది. పూలదండలు, ప్లాస్టిక్, లోహం ఏవీ నీళ్ళలో పడకూడదు. ఉప్పునీటికి కరిగిపోయే కాగితపు పెట్టె వాళ్ళే ఇస్తారు. ఇదంతా చూసుకోవడానికి ఓడలో ఎన్విరాన్‌మెంటల్ ఆఫీసర్ అని ఒకాయన ఉంటాడు. ఓడ నుంచి సముద్రంలోకి ఏం వెళ్ళాలన్నా ఆయన సంతకం ఉండాల్సిందే.

ఐదో షరతు, మెత్తటి బూడిద మాత్రమే ఉండాలి అని. చదివాను, టిక్కు పెట్టాను, మరిచిపోయాను. దరఖాస్తుదారు పేరు దగ్గర వీర్రాజు గారి పేరు రాశాను. కొరివి పెట్టినాయన ఆయనే కదా అని మంగతాయారు గారిని మాట వరసకి కూడా అడగలేదు.

బయలుదేరిన రోజు పొద్దున విశాఖ ఓడరేవులో ఎంబార్కేషన్, అంటే ఓడ ఎక్కేముందు జరిగే తనిఖీ. మా గ్రూపులో మరో పదహారు మంది విహారానికి వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళని ముందు పంపించేశాను. చివరికి మేం ముగ్గురం మిగిలాం. ఎర్రగుడ్డ కట్టిన కుండ ఎక్స్‌రే మిషన్లోకి వెళ్ళింది. తెర ముందు కూర్చున్న అమ్మాయి ఒక్కసారిగా కుర్చీ వెనక్కి జరిపింది.

తెర మీద ముక్కలు ముక్కలుగా ఎముకలు కనిపిస్తున్నాయి.

మన శ్మశానాల్లో కట్టెల మీద దహనం చేస్తాం. మూడో రోజు చితి చల్లార్చి, ఎముకలు ఏరి, పాలతో కడిగి మూట కడతాం. ఆ మూట మళ్ళీ ఎవరూ విప్పరు. నదిలో కలిపేదాకా అది అలాగే ఉంటుంది. బయటి దేశాల్లో యంత్రంలో కాల్చి, మిగిలింది పొడి చేసి ఇస్తారు. ఓడవాళ్ళు నిబంధన రాసింది దాన్ని దృష్టిలో పెట్టుకుని. మా నాన్నగారి అస్థికలు నా కళ్ళముందే ఏరారు. అంత తెలిసీ ఆ కుండ విప్పించి చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఎన్విరాన్‌మెంటల్ ఆఫీసర్ దిగి వచ్చాడు. నడివయసు మలయాళీ, మర్యాదస్తుడు. ముక్కలుగా ఉంటే కెప్టెన్ ఒప్పుకోడని, రేపు ఏ తీరానికో కొట్టుకొస్తే పోలీసు కేసు అవుతుందని ఇంగ్లీషులో నిదానంగా చెప్పాడు. మూడు గంటలకి గేటు మూస్తారట. అప్పుడు టైము పదకొండున్నర. నేను ఆయన మాటలు తెలుగులో చెప్తుంటే వీర్రాజు గారి ముఖం జేవురించింది.

"చూశావా వదినా? నే చెప్తానే ఉన్నాను. ఇంక చాలు. ఇది పట్టుకెళ్ళి రాజమండ్రిలో కలిపేస్తాను. గోదారి కన్నా పుణ్యమా ఈ సముద్రం?"

మంగతాయారు గారు నా వైపు తిరిగి, "పొడి చేస్తే తీసుకుంటారాండీ?" అని అడిగారు.

అడిగి చెప్పాను. తీసుకుంటారు.

"అయితే ఒక రోలు తెప్పించండి. కొత్తది."

"ఏంటి వదినా ఈ మాట! అన్నయ్య ఎముకలు నూరతావా? ఎక్కడైనా ఉందా ఇది? మహాపాపం," అన్నారు వీర్రాజు గారు. ఆయన్ని తప్పు పట్టలేను, నాకూ అలాగే అనిపించింది.

ఆవిడ కొంగు నడుముకి చుట్టి దోపుకున్నారు. "ఆయనకి ముప్పై ఏళ్ళు గోంగూర నూరాను, కొబ్బరి నూరాను, జ్వరమొస్తే మిరియాలు నూరాను. మీ అన్నయ్యకి ఏది నూరాలన్నా నేనే నూరాను వీర్రాజూ. ఇది వేరేవాళ్ళ చేత చేయిస్తానా?"

నేను ఆటోలో పూర్ణా మార్కెట్‌కి పరిగెత్తి చిన్న రాతిరోలు కొనుక్కొచ్చాను. కొట్టువాడు దేనికని అడిగితే అల్లం వెల్లుల్లికి అని చెప్పేశాను. టెర్మినల్ వెనక లారీలు ఆగే రేకుల షెడ్డులో ఒక మూల కడిగి, తుండుగుడ్డ పరిచాం. ఆవిడే ఎర్రగుడ్డ ముడి విప్పారు. రోలు ముందు పెట్టుకుని కాసేపు కళ్ళు మూసుకున్నారు. తర్వాత మొదలుపెట్టారు. అనుకున్నంత కష్టం కాలేదు. బాగా కాలిన ఎముక రోకలి ఆనగానే చిట్లిపోతుంది. ఆ చప్పుడు వినడమే కష్టమైంది. నేను పక్కకి వెళ్ళి ఏడ్చాను. ఇన్నేళ్ళ సర్వీసులో క్లయింటు కోసం ఏడవడం అదే మొదటిసారి.

వీర్రాజు గారు మొదట షెడ్డు బయటే అటు తిరిగి నిలబడ్డారు. గాలి లేచి పొడి ఎగరబోయేసరికి లోపలికొచ్చి, తన కండువా తీసి రెండు చేతులతో అడ్డంగా పట్టుకున్నారు. పని అయ్యేదాకా అలాగే పట్టుకుని ఉన్నారు.

రెండున్నరకి ఆఫీసర్ మళ్ళీ చూసి సంతకం పెట్టాడు. రోలుని వీర్రాజు గారే పోలీసు గార్డుని బతిమాలి రేవు పక్క నీళ్ళలో వదిలి వచ్చారు.

మర్నాడు పొద్దున ఏడింటికి మమ్మల్ని కింద డెక్‌కి పిలిచారు. ఓడ రేవులో ఉన్నప్పుడు తాళ్ళు కట్టే చోటు అది, నీళ్ళకి దగ్గరగా ఉంటుంది. ఓడ వేగం తగ్గింది. లీ సైడ్, అంటే గాలి తగలని పక్క, ఒక చిన్న తలుపు తీశారు. పై డెక్ మీద మా గ్రూపువాళ్ళు ఇడ్లీల దగ్గర క్యూలో ఉన్నారు. కింద ఏం జరుగుతోందో వాళ్ళకి తెలియదు.

నీళ్ళు నిజంగానే నీలంగా ఉన్నాయి. కొత్త సిరాలాంటి నీలం. మంగతాయారు గారు కాగితపు పెట్టెని రెండు చేతులతో పట్టుకుని వంగారు. ఆఫీసర్ ఆవిడ నడుముకి బెల్టు కట్టి వెనక నుంచి పట్టుకున్నాడు.

"ఏవండీ, నీలమేనండీ. చూసుకోండి," అన్నారావిడ, క్యారేజీ అందిస్తున్నట్టు మామూలుగా. వదిలేశారు. పెట్టె కొంచెంసేపు తేలి, తడిసి, మునిగిపోయింది.

అంతా అయ్యాక ఓడ తరఫున ఒక సర్టిఫికెట్ ఇస్తారు. వదిలిన టైము, అక్షాంశం, రేఖాంశం, వదిలినవారి పేరు అందులో ఉంటాయి. ఆఫీసర్ నా దరఖాస్తు చూసి ముందే రాసి తెచ్చాడు. కాగితం అందుకుని వీర్రాజు గారు దాన్ని రెండుసార్లు చదివారు. ఇంగ్లీషులో తన పేరు ఆయన చదవగలరు.

"ఇది తప్పండి. నా పేరు కొట్టేసి మళ్ళీ రాయమనండి," అన్నారు నాతో. "చేసింది మా వదిన."

ఆఫీసర్ ఇంకో కాగితం తెచ్చి పేరు అడిగాడు. వీర్రాజు గారే ఇంటిపేరుతో సహా చెప్పారు.

ఆ తర్వాత ఇలాంటివి మరో మూడు పంపించాను. ఇప్పుడు మొదటి రోజే మూట విప్పి చూడమంటాను. ఎముకలు పొడి చేయాల్సి ఉంటుందని దాచకుండా చెప్తాను. కొందరు లేచి వెళ్ళిపోతారు. మిగిలినవాళ్ళని, మరి ఎవరు చేస్తారు అని అడిగి ఊరుకుంటాను. కొరివి పెట్టినవాళ్ళు సాధారణంగా తల దించుకుంటారు. కాసేపటికి వెనక కుర్చీలోంచి కోడలో, చెల్లెలో, నేను చేస్తానండీ అంటుంది. ఆ మాట వచ్చేదాకా ఫారంలో పేరు రాయను.