పసుపు చీర ముక్క

ఈ సాయంత్రం బాబు స్కూలు బస్సు ఆలస్యమైంది. గేటు దగ్గర ఎదురుచూస్తుంటే, పక్క బండి మీద కాలుతున్న మొక్కజొన్న పొత్తుల వాసనకు చిన్నప్పటి ఒక రోజు గుర్తొచ్చింది.

ఆ రోజు అమ్మ నన్ను బడి మానిపించి, ఊరంతా చూపిస్తానంది. పొద్దున రుషికొండ, మధ్యాహ్నం కైలాసగిరి. నాకు పండగే. అమ్మ మాత్రం ఎక్కడికెళ్లినా నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుని, సముద్రం వైపే చూసేది. కొండ ఎత్తుకు భయపడుతోందనుకున్నాను.

"ఏటమ్మా, రోజూ సూసే సముద్రమే కదా. పొత్తు కొనవా?"

"తర్వాత కొంతాను. నువ్వెల్లి ఆడుకో."

సాయంత్రం రాస్ హిల్ ఎక్కాం. కింద చేపల వేట బోట్లు హార్బర్‌లోకి వస్తున్నాయి. ఒకదాని కొయ్య మీద అమ్మ పాత పసుపు చీర ముక్క ఎగురుతోంది. నాన్న బోటు దూరం నుంచే తెలియాలని అమ్మే కట్టింది. అమ్మ అక్కడే మెట్టు మీద కూలబడింది.

"మీ నాన్న వచ్చేత్తన్నాడు. పద, పొత్తు తిందాం. నాకూ ఆకలేత్తంది."

తుపాను హెచ్చరిక వచ్చాక కూడా ఆ పొద్దుటికి నాన్న బోటు తిరిగి రాలేదని, ఇంట్లో కూర్చోలేకే అమ్మ కొండలెక్కిందని పెద్దయ్యాక తెలిసింది.

బస్సొచ్చింది. బాబు దిగాడు.

"ఏటమ్మా, ఇక్కడ నిలబడ్డావ్?"

"పొత్తు కొందామని," అన్నాను.