మా చేను అంచున టిప్పర్ల రోడ్డు

మా ఊరు ఆర్మూరుకు దగ్గరే. గుట్ట దగ్గర కంకర మిషన్ పెట్టాక టిప్పర్లన్నీ మా కళ్లం పక్క నుంచే హైవే ఎక్కేవి. ఉడకబెట్టిన పసుపు ఆరబోస్తే సాయంత్రానికల్లా కొమ్ముల మీద తెల్లటి పొర పేరుకునేది. పరదా కప్పితే చెమ్మ, తీస్తే దుమ్ము. ఒక ఏడు మార్కెట్ యార్డులో ఖరీదుదారు మా కొమ్ము ఒకటి విరిచి చూసి, చేతులు దులుపుకుని పక్క కుప్ప దగ్గరికి వెళ్లిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మరుసటి ఏడు పసుపు సగం ఎండిన రోజున, పొద్దున్నే వెళ్లి రోడ్డు మధ్యలో కూర్చున్నాను. మొదట వచ్చిన టిప్పర్ మా అన్నది. అన్న ఆ మిషన్ దగ్గరే డ్రైవర్. కానీ ముందుగా వచ్చేది తనే అవుతాడని నేను అనుకోలేదు.

అన్న కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏందే చెల్లె గిది? లే. ఎనుక బండ్లు ఆగినయి."

"లేవ. నువ్వైనా సరే అన్నా, పోనియ్య."

"నా నౌకరి పోతదే!"

"నా పసుపు పోతలేదా? జర దిగొచ్చి చూడు."

అన్న ఇంజన్ ఆపి దిగాడు. కళ్లంలోకి వెళ్లి గుప్పెడు కొమ్ములు తీసుకుని రుద్దాడు. అరచేయంతా బూడిద రంగు. రోడ్డు మీదికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తలేదు.

"ఎత్తు అన్నా, ఓనర్ కావచ్చు."

"కానీ తీ. చాయ్ గిట్ల తెప్పిస్తవా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మధ్యాహ్నానికి అధికారులు వచ్చారు. గనుల బండ్లకు ఊళ్లు తగలకుండా వేరే రోడ్లు వేయాలని సర్కారు అనుకుంటున్నదని, మా గుట్ట వెనుక నుంచి కూడా ఒకటి వేస్తామని చెప్పారు. అప్పటిదాకా రోడ్డు మీద నీళ్లు చల్లించమని మిషన్ వాళ్లకు గట్టిగా చెప్పారు. అన్నను మాత్రం కొన్నాళ్లు పనికి రానివ్వలేదు. వేరే డ్రైవర్ దొరక్క మళ్లీ పిలిచారు.

ఆ కొత్త రోడ్డు కోసం సర్వే వాళ్లు వచ్చి, గుట్ట వెనుక ఉన్న మా చేను అంచులోనే రాయి పాతారు. ఇక్కడ వద్దని వాళ్లకు అడ్డం పోయాను. మా ఆయన ఆ రాయి పక్కన నిలబడి అన్నాడు: "అడిగింది నువ్వే. మన చేను దాకా వచ్చినంక వద్దంటే ఎట్ల?" రోడ్డుకు ఆ అంచు ఇచ్చాం.

ఇప్పుడు టిప్పర్లు అటే పోతున్నాయి. నిరుడు మా పసుపు పసుపులాగే ఎండింది. అయితే దారిలోనే కదా అని రోజూ మా ఇంట్లో కాసేపు కూర్చుని పోయే అన్న, ఇప్పుడు పండగకో పబ్బానికో వస్తున్నాడు. చేనులో కలుపు తీస్తూ, అవతలి అంచున వెళ్లే బండ్లలో అన్నది ఏదో పోల్చుకోవాలని చూస్తాను. అన్నీ ఒకేలా ఉంటాయి.