శరత్ ఈడువాళ్ళు

ఆండాళ్ కొడుకు దగ్గర నాలుగు రోజులు ఉండి వెళ్దామని జర్మనీలోని బ్రెమెన్ వచ్చింది. కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి, ఆవిడా ఆగిపోయింది. గుంటూరులో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, మాట్లాడకపోతే అన్నం సహించదు. అందుకే పెరటి బెంచీకి ఆ చివరా ఈ చివరా కూర్చుని, కింది వాటాలో ఉండే నకీరు అనే ఆవిడతో రోజూ కబుర్లు. నకీరుది ఉగాండాలో పశువులు మేపుకునే కరమొజాంగ్ జాతి. ఇక్కడ వృద్ధాశ్రమంలో పని.

కబుర్లాడుతున్నా ఆండాళ్ మనసు మనసులో లేదు. పక్క వాటాలో ఉండే తెలుగు కుర్రాడు శరత్, తన భార్య రిషితను కొడుతున్నాడు. అందరూ ఇళ్ళలోనే ఉండిపోయాక దెబ్బల చప్పుడు గోడ దాటి వస్తోంది. పోలీసులకు చెబుదామంటే రిషిత వద్దని బతిమాలింది. "సర్దుకుపోవాలమ్మా" అని ఊరుకుంది ఆండాళ్.

ఆ సంగతే నకీరుకు చెప్పి, "మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. మావైపు సామెత" అని నవ్వింది.

నకీరు నవ్వలేదు. "మరి వాణ్ణి చూసి నవ్వేదెవరు?"

"మీవైపు ఎవరు నవ్వుతారేం?" అంది ఆండాళ్.

"మా దగ్గర ఆ పని వాడి ఈడువాళ్ళది. వాడితో కలిసి పెరిగినవాళ్ళే వచ్చి బెత్తాలతో వడ్డిస్తారు. వాడి ఎద్దునే కోయించి వాడి ఎదుటే తింటారు. ఆ శిక్షను మా భాషలో 'అమెతో' అంటాం."

"ఇక్కడ ఎద్దులెక్కడివి తల్లీ?"

"ఎద్దు లేకపోతే పోనీ, ఈడువాళ్ళు కూడా లేరా?"

ఉన్నారు. ఆదివారం శరత్‌తో క్రికెట్ ఆడే కుర్రాళ్ళు. వాళ్ళలో ఆండాళ్ కొడుకు కమలాకర్ ఒకడు. వాళ్ళ చేత శరత్‌ను నిలదీయించనా అని ముందు రిషితను అడిగితే, సరేనంది. కమలాకర్ మాత్రం మొరాయించాడు.

"వాళ్ళింటి గొడవ మనకెందుకమ్మా?"

"వాడితో ఆడతావు, వాడింట్లో బిర్యానీ తింటావు. ఆ పిల్ల ఏడుపు మాత్రం నీకు వినపడదా? నిన్ను చూసి సిగ్గుపడకపోతే వాడు ఇంకెవర్ని చూసి పడతాడ్రా?"

ఆదివారం ఆ కుర్రాళ్ళు నలుగురూ మాస్కులతో పెరట్లోకి వచ్చారు. "బ్యాట్లేవిరా?" అన్నాడు శరత్ నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు.

"నువ్వు రిషితను కొడుతున్నావని మాకు తెలుసురా. ఇక తెలీనట్టు నీతో ఆడలేం," అన్నాడు కమలాకర్.

శరత్ ఒక్కొక్కరి మొహమే చూశాడు. ఒక్కడూ ఆదుకోలేదు. మెట్టు మీద కూలబడి, "తప్పైందిరా, ఇంకోపారి కాదు," అని భోరుమన్నాడు.

స్నేహితులు మెత్తబడి, ఆండాళ్ పక్కన నిలబడ్డ రిషిత వైపు చూశారు. "ఈ ఒక్కసారికీ మన్నించమ్మా" అన్న మాట ఆండాళ్ నాలుక చివరిదాకా వచ్చింది. జీవితమంతా ఆడపిల్లలకు ఆవిడ చెప్పిన మాటే అది. కష్టం మీద మింగేసి, "నీకేం కావాలో నువ్వే చెప్పమ్మా" అంది.

రిషిత మాస్కు తీసింది. దవడ మీద కమిలిన చోటు అందరూ చూశారు.

"ఆయన్ని మీ వెంట తీస్కపోండ్రి అన్నా. నేను ఇంట్లనే ఉంట. తలుపు గడె పెట్టుకొని పండుకుంట. నిద్రపోయి శాన దినాలైంది."