బీడీల దారం కొస

మా నేతగాళ్ల పేట కుంఠా నాకాలో ఇంటింటా మగ్గాల చప్పుడు వినిపించే రోజులవి. సిటీ బస్సులో ఒకామె బీడీల చాట ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. పేరు నేనడగలేదు. నా చేతిలోని కోర్టు కాగితాలు చూసి, "ఎవలతోని బిడ్డా భాండణం?" అంది.

చెప్పాను. నేనూ నా భాగస్తుడూ కలిసి కడుతున్న మరమగ్గాల షెడ్డులో మధ్యగోడ ఎక్కడ రావాలన్నదే తగాదా. మూడు నెలలుగా పని ఆగింది, మాటలూ ఆగాయి.

"మా ఆయన, మా మరిది గిట్లనే ఉండిరి. మా అత్త ఇద్దర్ని ఒక్క మగ్గం కాడ పడుగు అతక కూసోబెట్టింది. ఒకడు పోగు అందియ్యాలె, ఒకడు అతకాలె. మాట్లాడకుంట ఎట్లైతది?"

అంటూనే బీడీలకు కట్టే దారం కొస నా వేళ్లలో పెట్టి, రెండో కొస తాను పట్టుకుంది. అశోక్ చౌక్ దాకా అలాగే కూర్చున్నాం.

నేను కోర్టుకు పోలేదు. అక్కడే దిగి భాగస్తుడి ఇంటికి వెళ్లాను. అతని మగ్గం మీద పాత పడుగు అయిపోయి, కొత్త పడుగు పోగులు దానికి అతకాల్సి ఉంది.

"పోగులు నేనందిస్త," అన్నాను.

అతను పోగు జారకుండా వేళ్లకు అద్దుకునే బూడిద చిప్ప తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాడు. నాలుగు పోగులు అతికాక, తలెత్తకుండానే, "జర మెల్లగ అందియ్యి," అన్నాడు.

ఆ షెడ్డు పూర్తయింది, అందులో మధ్యగోడ మాత్రం ఎప్పటికీ లేవలేదు.