గడ్డం మొలిచిన బొమ్మ

డ్రాయింగు మాస్టారు బొగ్గుగీతలు చెరపడానికి రబ్బరు ముట్టుకోరు, మెత్తటి బ్రెడ్డుముక్కతోనే చెరుపుతారు. సర్వీసంతా అదే అలవాటు. ఆ హైస్కూల్లో ఆర్టు క్లబ్బుకీ సైన్సు క్లబ్బుకీ కలిపి ఒకటే బీరువా. వానాకాలంలో ఓరోజు ఆయన కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చి, బీరువాలో చేతికందిన బ్రెడ్డుతో హెడ్మాస్టరుగారి బొమ్మకి గడ్డం దగ్గర గీతలు చెరిపేశారు.

సైన్సు టీచరమ్మ అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "అది మా పిల్లలు పెంచుతున్న బూజు మాస్టారూ! మీ బొగ్గు తగలెయ్య!"

ఆయన మిగిలిన బ్రెడ్డుముక్కని తిరిగి బీరువాలో పెట్టేశారు.

వారం తిరిగేసరికి బొమ్మలోని హెడ్మాస్టరుగారికి ఆకుపచ్చ గడ్డం మొలిచింది. మాస్టారు తల కొట్టేసినట్టయి, గుడ్డ తీసుకుని తుడవబోయారు.

టీచరమ్మ భూతద్దంతో పరుగున వచ్చి అడ్డుపడ్డారు. "చెయ్యి వేశారంటే ఊరుకోను! మొహం మీరుంచుకోండి. గడ్డం మా క్లబ్బుది!"